మొటిమా, కురుపా, తామరా?

ఈ సంచికకి ఏం రాస్తావని క్లబ్ మీటింగ్‌లో అడిగినప్పుడు నేను ఈ టాపిక్ చెప్పాను. ఒక అర నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా ఎడిటర్ అక్క, "రాయి తమ్ముడూ, అవసరమే. ఫోటోలు మాత్రం పెట్టకు" అంది. పెట్టట్లేదు. మగపిల్లలకి గజ్జల దగ్గర, తొడల మధ్య, అంగం చుట్టుపక్కల వచ్చే మొటిమలు, పొక్కులు, దురదల గురించి మాటల్లోనే చెప్తాను. ఇబ్బందిగా ఉంటే ఈ పేజీ దాటేయండి. కానీ సేవ్ చేసుకుని దాటండి.

మొహం మీద మొటిమ వస్తే మనకి సిగ్గు లేదు. రూమ్మేట్‌ని అడుగుతాం, వీడియో కాల్‌లో అమ్మకి చూపిస్తాం, ఇంటికెళ్తే పిన్ని "రాత్రుళ్లు మేలుకుంటున్నావా నాన్నా" అంటూ శెనగపిండి కలిపి ఇస్తుంది. అదే పొక్కు నడుము కింద వస్తే మాత్రం ప్రపంచంలో మనమొక్కళ్లమే. రాత్రి రెండింటికి దుప్పట్లో దూరి ఫోన్‌లో వెతుకుతాం. అక్కడ ఏది వెతికినా మూడో లైనుకల్లా సుఖవ్యాధి, నాలుగో లైనుకల్లా క్యాన్సర్. పొద్దున్నే మెడికల్ షాపుకెళ్లి, పక్కన తెలిసినవాళ్లు ఎవరూ లేరని చూసుకుని, "అన్నా, దురదకి ఆయింట్‌మెంట్" అని గొంతు తగ్గించి అడుగుతాం. అన్న ఏమీ అడక్కుండా ఒక ట్యూబ్ ఇస్తాడు. అడక్కపోవడమే మనకి కావాల్సింది. నా ఉద్దేశంలో అసలు ప్రమాదం పొక్కులో కన్నా ఆ ట్యూబ్‌లోనే ఎక్కువ ఉంది. దాని దగ్గరికి వస్తాను.

ఒక మాట. నేను సీఎస్ఈ వాణ్ని, డాక్టర్ని కాదు. మా పెద్దమ్మ కొడుకు ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో హౌస్ సర్జన్. ఇందులో వైద్యం ఉన్న ప్రతి లైనూ అన్నయ్యతో రెండుసార్లు చదివించాను. "రేయ్, జోకులు తగ్గించు" అన్నాడు. కొన్ని తగ్గించాను.

ముందు మాటల సంగతి, ఎందుకంటే ఇది సాహిత్య పత్రిక కదా. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. ఒంటి గురించి నాకొచ్చిన మాటలన్నీ అయితే బయాలజీ పుస్తకంలోవి, లేదంటే హాస్టల్ బూతులు. మధ్యలో ఏమీ లేదు. డాక్టర్ దగ్గర బూతు మాట్లాడలేం, పుస్తకం మాట నోరు తిరగదు, అందుకే "అక్కడ", "కింద", "ఆ ప్లేస్‌లో" అని నసుగుతాం. అమ్మమ్మ పక్కన కూర్చుని అడిగితే మాత్రం తెలిసింది, తెలుగులో చర్మానికి ఎన్ని పక్కా మాటలున్నాయో. మొటిమ వేరు, కురుపు వేరు. పొక్కు చిన్నది, లోపల నీరో చీమో ఉంటుంది. బొబ్బ అంటే కాలితే లేచేలాంటి నీటి బుడగ. సెగగడ్డ లోతుగా, ఎర్రగా, సలుపుతూ వస్తుంది. పైన తోలు పోయి తెరుచుకుంటే పుండు. పులిపిరి, దద్దురు, చెమటకాయ, తామర, గజ్జి దేనికదే. స్కిన్ డాక్టర్లు చూసేది కూడా ఇదే అట: లోపల ఏముంది, ఎంత లోతు, నొప్పా దురదా, పైన పగిలిందా లేదా. అమ్మమ్మకి మెషీన్ లెర్నింగ్ తెలీదు గానీ ఆమె లేబుల్స్ మాత్రం మన డేటాసెట్ల కన్నా నయం.

ఒక చిక్కు ఉంది. గజ్జలు అంటే తొడా పొట్టా కలిసే మడత. గజ్జి అంటే ఒక రోగం. (గజ్జెలు కాళ్లకి కట్టుకునేవి, వాటికీ దీనికీ సంబంధం లేదు.) పేరు కలిసింది కాబట్టి హాస్టల్లో గజ్జల్లో వచ్చే ప్రతిదాన్నీ గజ్జి అనేస్తారు. చాలాసార్లు అది గజ్జి కాదు, తామర. గజ్జి చర్మంలో బొరియ చేసుకునే కంటికి కనపడని పురుగు వల్ల వస్తుంది, తామర ఫంగస్ వల్ల. ఒకదాని మందు ఇంకోదానికి పనికిరాదు.

ఇంకో మాట "వేడి చేసింది". కురుపు వచ్చినా వేడి, దురద వచ్చినా వేడి, సెమిస్టర్ పోయినా వేడి. మజ్జిగ తాగడం మంచిదే, ఎవరూ కాదనరు. కానీ బ్యాక్టీరియాకి మజ్జిగ అడ్డం రాదు. అలాగే హస్తప్రయోగం వల్ల మొటిమలొస్తాయని సీనియర్లు చెప్పేది కూడా నిజం కాదు.

ఇప్పుడు ఆ చర్మం గురించి. అక్కడ వెంట్రుకలున్నాయి, కాబట్టి వెంట్రుక కుదుళ్లు ఉన్నాయి. కుదురు పక్కనే నూనె గ్రంథి ఉంటుంది. చెమట గ్రంథులు దండిగా ఉంటాయి. మడత కాబట్టి గాలి ఆడదు. నడిస్తే ఒరుసుకుంటుంది. పైగా మే నెలలో బెజవాడ ఎండకి టైట్ జీన్స్ వేసుకుని సాయంత్రం దాకా ల్యాబ్‌లో కూర్చుంటాం. వెచ్చదనం, తడి, రాపిడి మూడూ ఒకేచోట. క్రిములకి ఇంతకన్నా మంచి పీజీ ఎక్కడ దొరుకుతుంది.

ఆ చర్మం చాలా పల్చన కూడా. ఎంత పల్చనో ఒక నంబరు ఉంది. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్‌ని ఒంట్లో వేర్వేరు చోట్ల రాసి, ఎక్కడి నుంచి ఎంత లోపలికి ఇంకుతుందో కొలిచారు. ముంజేతి లోపలి వైపు ఇంకేదాన్ని 1 అనుకుంటే, నుదురు దగ్గర 6, దవడ దగ్గర 13. వృషణాల సంచి దగ్గర 42. అవును, 42. మన బ్రాంచ్ వాళ్లు నవ్వుతారని తెలుసు. కానీ ఈ నంబరు గుర్తుపెట్టుకోండి, తర్వాత అంతా దీని మీదే నడుస్తుంది.

భయపడేవాళ్లలో సగం మంది భయపడేది రోగమే కాని వాటికి, కాబట్టి ముందు అవి చెప్తాను. అంగం మీదా, వృషణాల సంచి మీదా చర్మాన్ని కాస్త లాగి చూస్తే పసుపు, తెలుపు కలిసిన చిన్న చుక్కలు కనిపిస్తాయి, ఆవగింజ కన్నా చిన్నవి. అవి వెంట్రుక లేని చోట ఉన్న నూనె గ్రంథులు. పెదాల అంచు మీద కూడా కొందరికి ఉంటాయి. 1896లో వీటి గురించి రాసిన ఫోర్డైస్ అనే అమెరికన్ డాక్టర్ పేరుతోనే వీటిని ఫోర్డైస్ చుక్కలంటారు. అవి పుట్టుకతోనే ఉంటాయి, వయసొచ్చాక బాగా కనిపిస్తాయి, అందుకే పదిహేడు పద్దెనిమిదేళ్లకి "కొత్తగా వచ్చాయి" అనిపిస్తుంది. అంటుకోవు. నొక్కకూడదు. అలాగే అంగం ముందు భాగం అంచు చుట్టూ ముత్యాల వరసలాగా, అన్నీ ఒకే సైజులో, ఒకటి రెండు మిల్లీమీటర్ల బుడిపెలు కొందరికి ఉంటాయి. ఇవి కూడా మామూలే, ఎవరి నుంచీ రావు, ఎవరికీ పోవు. వీటిని పులిపిర్లు అనుకుని యాసిడ్ పూతలు కొనుక్కుని కాల్చుకునేవాళ్లు ఉన్నారని అన్నయ్య చెప్పాడు. గుర్తు ఇదే: వరసగా, ఒకే సైజులో, నెలల తరబడి మారకుండా ఉంటే సాధారణంగా మన ఒంట్లో భాగమే. రోజురోజుకీ మారుతున్నది, పెరుగుతున్నది, చీము పడుతున్నది అయితే అప్పుడు ఆలోచించాలి.

సరే, నిజంగా మొటిమలాంటిది వస్తే? గజ్జల్లో ఎర్రగా లేచి, కొస తెల్లగా చీముతో, సరిగ్గా మధ్యలో ఒక వెంట్రుక కనిపిస్తుంటే అది వెంట్రుక కుదురు వాపు. ఎక్కువసార్లు స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా చేసే పని. అది మామూలుగానే మన చర్మం మీద, ముక్కులో తిరుగుతూ ఉంటుంది, సందు దొరికితే కుదుట్లోకి దూరుతుంది. సందు ఎవరిచ్చారు? చాలావరకు మన రేజరే. ఈ మధ్య నున్నగా షేవ్ చేసుకోవడం ఒక ఫ్యాషన్ అయింది కదా, కాలేజీలో సగం కేసులు ఇవేనని నా అనుమానం. షేవ్ చేసిన మూడు నాలుగు రోజులకి వెంట్రుక తిరిగి పెరుగుతుంది. అక్కడి వెంట్రుకలు వంకర తిరిగి ఉంటాయి కాబట్టి కోసుగా తెగిన కొస బయటికి రాకుండా మళ్లీ లోపలికే గుచ్చుకుంటుంది. దాని చుట్టూ చిన్న గడ్డ కడుతుంది. చూడ్డానికి అచ్చం మొటిమే.

ఇవి రెండూ మామూలుగా వారం పది రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. మనం చేయాల్సింది తక్కువ, చేయకూడనివి ఎక్కువ. శుభ్రమైన గుడ్డని గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండి, పది పదిహేను నిమిషాలు కాపడం పెట్టాలి, రోజుకి మూడు నాలుగు సార్లు. హాస్టల్లో వేడినీళ్లు దొరికేది పొద్దున ఆరింటికే, కాబట్టి కనీసం స్నానానికి ముందూ పడుకునే ముందూ. తగ్గేదాకా రేజర్ ముట్టుకోకూడదు. వదులు బట్టలు. గిల్లకూడదు, పిండకూడదు, సూదితో పొడవకూడదు. పిండితే చీము బయటికే వస్తుందని గ్యారంటీ లేదు, లోపలికి కూడా పోతుంది, అప్పుడే చిన్న పొక్కు సెగగడ్డ అవుతుంది. యాంటీసెప్టిక్ లిక్విడ్‌ని నీళ్లు కలపకుండా నేరుగా పోసుకోవడం వీరత్వం కాదు, కాలుతుంది. టూత్‌పేస్టు వద్దు. మొహానికి వాడే మొటిమల జెల్లు కూడా వద్దు, ఆ 42 గుర్తుందిగా.

సెగగడ్డ అయితే కథ వేరు. బఠాణీ గింజంతో గోలీ అంతో గట్టిగా, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి. దాంతోపాటు గజ్జల్లో బిళ్ల కడుతుంది. అమ్మమ్మ దీన్ని కూడా పక్కాగా చెప్పింది, కాలికి దెబ్బ తగిలి చీము పట్టినా గజ్జల్లో బిళ్ల కడుతుందని. నిజమే, అది అక్కడి లింఫ్ గ్రంథి వాపు, ఇన్ఫెక్షన్‌తో పోరాడుతోందని అర్థం. సెగగడ్డకి కాపడం మంచిదే, కానీ రెండు మూడు రోజుల్లో మెత్తబడి తగ్గకపోతే డాక్టర్ చిన్న గాటు పెట్టి చీము తీస్తారు, అవసరమైతే యాంటీబయాటిక్ ఇస్తారు. రూమ్మేట్ దగ్గర మిగిలిన రెండు యాంటీబయాటిక్ బిళ్లలు వేసుకోవడం వైద్యం కాదు. సెగగడ్డలు మళ్లీ మళ్లీ వస్తుంటే ఒకసారి షుగర్ టెస్ట్ చేయించుకోవాలి. గజ్జల్లోనూ చంకల్లోనూ గడ్డలు తిరిగి తిరిగి వస్తూ, మచ్చలు కడుతుంటే అది వేరే దీర్ఘవ్యాధి కావచ్చు, స్కిన్ డాక్టరే చూడాలి. ఇంకోటి, సెగగడ్డ అంటే సెగరోగం కాదు. పాతకాలంలో గనేరియాని సెగరోగం అనేవాళ్లు. పేరులో సెగ ఉందని తొడ మీద కురుపుకి కూడా తలదించుకోవాల్సిన పని లేదు.

ఇప్పుడు ట్యూబ్ దగ్గరికి వద్దాం.

మా ఫ్లోర్‌లో ఒకడికి (వాడు చెప్పమన్నాడు కాబట్టే రాస్తున్నాను, పేరు వద్దన్నాడు) వానాకాలంలో తొడ లోపలి వైపు రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ వచ్చింది. అంచు కాస్త లేచి, సన్నటి పొక్కులతో గుండ్రంగా, మధ్యలో చర్మం మామూలుగా. దురద. ఇది అచ్చమైన తామర. అంచున పొక్కులుంటాయి కాబట్టి మొదట్లో చాలామంది మొటిమలే అనుకుంటారు. మొటిమకి నొప్పి, తామరకి దురద. మొటిమ ఒక చుక్క, తామర ఒక గీత, రోజురోజుకీ బయటికి జరిగే గీత. వృషణాల సంచిని మాత్రం తామర మామూలుగా వదిలేస్తుంది, తొడనీ మడతనీ పట్టుకుంటుంది.

వాడు షాపుకెళ్లాడు. ట్యూబ్ వచ్చింది. రాసిన రెండో రోజుకే దురద మాయం, నాలుగో రోజుకి ఎరుపు లేదు. "సూపర్ మందురా" అని పక్క రూమ్‌కి కూడా ఇచ్చాడు. ఆపిన వారానికి రెండింతలై వచ్చింది. మళ్లీ రాశాడు. ఇలా నాలుగు నెలలు. చివరికి రెండు తొడలూ, పిర్రలూ, నడుము చుట్టూ పాకింది. గుండ్రటి గీత కూడా పోయి అదేమిటో గుర్తుపట్టలేనట్టు తయారైంది. గజ్జల్లో ఎర్రటి చారలు పడ్డాయి, పొట్ట తగ్గినవాళ్లకి పడతాయే, అలాంటివి. ఆ చారలు ఇక పూర్తిగా పోవని స్కిన్ డాక్టర్ చెప్పారట. వాడికి పందొమ్మిదేళ్లు.

ఆ ట్యూబ్‌లో జరిగింది ఇది. మన దేశంలో దురదకి అమ్మే చాలా పూతమందుల్లో మూడు నాలుగు మందులు కలిపి ఉంటాయి: ఫంగస్‌కి ఒకటి, బ్యాక్టీరియాకి ఒకటి, వాటితోపాటు ఒక బలమైన స్టెరాయిడ్. తరచుగా అది క్లోబెటసాల్, పూత స్టెరాయిడ్లలో అన్నిటికన్నా ఘాటైన తరగతి. స్టెరాయిడ్ చేసే పని వాపునీ దురదనీ ఆపడం. అంటే మన ఒంటి రక్షణ వ్యవస్థని నోరు మూసుకోమనడం. దురద అనేది ఎర్రర్ మెసేజ్ అనుకోండి. స్టెరాయిడ్ బగ్‌ని ఫిక్స్ చేయదు, ఎర్రర్ మెసేజ్‌ని కనపడకుండా చేస్తుంది. లోపల ఫంగస్ హాయిగా కాపురం పెడుతుంది. 42 రెట్లు ఇంకే చర్మం దగ్గరలో, అసలే మడతలో, అన్నిటికన్నా ఘాటైన మందు. చర్మం పల్చబడుతుంది, చారలు పడతాయి. గీత చెదిరిపోయి గుర్తుపట్టలేకుండా మారిన ఇలాంటి తామరకి డాక్టర్లు వేరే పేరే పెట్టారు, మారువేషం వేసిన తామర అని దాని అర్థం.

ఇది ఒక హాస్టల్ గొడవ కాదు, దేశం గొడవ. గత పదేళ్లలో ఇండియాలో తామర మొండికేసింది. ఒకప్పుడు రెండు వారాల పూతతో పోయేది ఇప్పుడు నెలల తరబడి మాత్రలు మింగినా వెనక్కి వస్తోంది. 2020లో జపాన్ శాస్త్రవేత్తలు, ఇండియా, నేపాల్ నుంచి వచ్చిన రోగుల చర్మంలో దొరికిన, టెర్బినఫిన్ అనే ముఖ్యమైన మందుకి లొంగని ఫంగస్‌ని కొత్త జాతిగా గుర్తించారు. దాని పేరు ట్రైకోఫైటాన్ ఇండోటినియే. పేరులోనే మన దేశం ఉంది. 2023లో న్యూయార్క్‌లో కూడా ఇది బయటపడింది. మనం ప్రపంచానికి సున్నా ఇచ్చామని గర్వంగా చెప్పుకుంటాం, దీని గురించి ఎవరూ స్టేటస్ పెట్టరు. స్టెరాయిడ్ కలిపిన పూతల్ని ఇష్టమొచ్చినట్టు వాడటం దీనికి ఒక ముఖ్య కారణమని మన స్కిన్ డాక్టర్లు ఎప్పటి నుంచో మొత్తుకుంటున్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల పూత స్టెరాయిడ్లని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతున్నారా లేదా అనేది మీరే ఏ షాపుకైనా వెళ్లి చూసుకోవచ్చు.

కాబట్టి ఇంటి దగ్గర నుంచి తెచ్చుకున్నదైనా, రూమ్మేట్ ఇచ్చినదైనా, ట్యూబ్ వెనక సన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మోమెటసోన్ అని కనిపిస్తే డాక్టర్ చెప్పకుండా గజ్జల్లో రాయొద్దు. ఇప్పటికే నెలల తరబడి రాస్తుంటే ఒక్కసారిగా ఆపినప్పుడు మంట, ఎరుపు ఎక్కువవుతాయి, భయపడి మళ్లీ అదే మొదలుపెట్టకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. తామర మందు కూడా దురద పోగానే ఆపేయకూడదు, పైకి తగ్గినట్టు కనిపించినా డాక్టర్ చెప్పిన రోజుల దాకా రాయాలి.

తామర ఎక్కువగా కాళ్ల నుంచి పైకి వస్తుంది. వేళ్ల సందుల్లో ఫంగస్ ఉన్నవాడు డ్రాయర్ తొడుక్కునేటప్పుడు కాలితో దాన్ని గజ్జల దాకా మోసుకొస్తాడు. అందుకే డాక్టర్లు చెప్పే చిన్న చిట్కా: ముందు సాక్స్, తర్వాత డ్రాయర్. అద్దంలో చూసుకుంటే నవ్వొస్తుంది గానీ పనిచేస్తుంది. అలాగే కాళ్లు తుడిచిన టవల్‌తో గజ్జలు తుడవొద్దు. టవల్ ఒకరిది ఒకరు వాడొద్దు. మా హాస్టల్లో ఈ ఒక్కటి అమలైతే చాలు, సగం దురద తగ్గుతుంది.

గజ్జి ఎలా తెలుస్తుంది? రాత్రిళ్లు దురద విపరీతంగా ఉంటుంది. వేళ్ల మధ్య, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ కూడా ఉంటుంది. అంగం మీదా వృషణాల సంచి మీదా గట్టిగా, దురదపెట్టే బుడిపెలు వస్తాయి, వీటినే మొటిమలనుకుంటారు. రూమ్‌లో ఇంకొకడు కూడా గోక్కుంటుంటే దాదాపు ఖాయం. మొదటిసారి అంటుకున్నప్పుడు దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, కాబట్టి ఎవడు ముందు తెచ్చాడో అని గొడవపడటం దండగ. మామూలుగా ఇచ్చే మందు 5 శాతం పర్మెత్రిన్ క్రీమ్. దురద ఉన్నచోట మాత్రమే కాదు, మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద కూడా రాసి, రాత్రంతా ఉంచి పొద్దున కడగాలి. వారం తర్వాత ఇంకోసారి. ముఖ్యమైనది, దురద లేనివాడితో సహా రూమంతా ఒకే రాత్రి రాసుకోవాలి. ముగ్గురు రాసుకుని ఒకడు "నాకేం లేదు" అంటే పురుగు వాడి దగ్గర దాక్కుని మళ్లీ అందరి దగ్గరికీ వస్తుంది. దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతకాలి. ఉతకలేనివి కవర్లో మూడు రోజులకి తక్కువ కాకుండా మూటకట్టి పెట్టాలి, మనిషి ఒళ్లు దొరక్కపోతే ఆ పురుగు రెండు మూడు రోజులకి మించి బతకదు. మందు పనిచేసినా దురద ఇంకో రెండు మూడు వారాలు ఉండొచ్చు, కంగారు పడి రోజూ రాసుకోవద్దు.

సుఖవ్యాధుల గురించి రాయకపోతే ఈ వ్యాసం అబద్ధం అవుతుంది. కలయిక జరిగి ఉంటే, ఆ సంగతి డాక్టర్‌కి చెప్పాల్సిందే. మనసులో పెట్టుకుంటే ఆయన దురద మందు ఇచ్చి పంపిస్తారు. గుంపుగా చిన్న నీటి పొక్కులు వచ్చి, మండి, పగిలి పుండ్లయితే హెర్పిస్ కావచ్చు. నొప్పే లేని ఒకే ఒక్క పుండు అన్నిటికన్నా మోసకారి, అది సిఫిలిస్ కావచ్చు, అమ్మమ్మల కాలంలో సవాయి అనేవాళ్లు. మూడు నుంచి ఆరు వారాల్లో ఆ పుండు దానంతటదే మానిపోతుంది, రోగం మాత్రం ఒంట్లోనే ఉండిపోతుంది. పట్టుకుంటే పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమయ్యేది, వదిలేస్తే ఏళ్ల తర్వాత గుండె దాకా, మెదడు దాకా పోతుంది. కాలీఫ్లవర్ పువ్వులా పెరిగేవి పులిపిర్లు. ఆ వైరస్‌కి టీకా ఉంది, అది మగపిల్లలకీ వేస్తారు. ముత్యంలా మెరుస్తూ మధ్యలో చిన్న గుంట ఉన్న బుడిపెలు మొలస్కమ్ అనే ఇంకో వైరస్‌వి. ఇవి కలయిక వల్లే రావాలని లేదు, ఒకరి టవల్ ఒకరు వాడినా వస్తాయి, షేవ్ చేస్తే రేజర్ వెంట వరసగా పాకుతాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో వీటికోసం సురక్షా క్లినిక్‌లు ఉన్నాయి, పరీక్షలూ మందులూ ఉచితం. 1097కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు.

ఇక ఆగకూడని సందర్భాలు. నొప్పి, వాపు గంటగంటకీ పాకుతూ జ్వరం వస్తే, చర్మం నల్లబడుతుంటే ఆ రాత్రే ఆసుపత్రికి. మొటిమ, పొక్కు ఏమీ లేకుండా ఒక వృషణం హఠాత్తుగా భరించలేనంత నొప్పెడితే అది చర్మం గొడవే కాదు, లోపల మెలిక పడి రక్తం ఆగిపోయి ఉండొచ్చు. ఆరు గంటల్లోపు ఆపరేషన్ అయితే దాన్ని కాపాడే అవకాశం బాగా ఉంటుంది. పొద్దున చూద్దాంలే అనుకుంటే పోతుంది. వార్డెన్‌ని లేపండి, సిగ్గు తర్వాత.

రోజువారీ జాగ్రత్తలు చాలా మామూలువి, అందుకే ఎవరూ పాటించరు. షేవింగ్ కన్నా ట్రిమ్మర్ నయం, చర్మానికి ఆనేంత దగ్గరగా కాకుండా కాస్త వదిలి. వెంట్రుకలు తీసే క్రీములు ఆ చర్మాన్ని కాల్చేస్తాయి, చాలావాటి డబ్బా మీదే అక్కడ వాడొద్దని రాసి ఉంటుంది. షేవ్ చేసి తీరాల్సిందే అంటే వేడినీళ్ల స్నానం తర్వాత, కొత్త బ్లేడుతో, వెంట్రుక వాలిన వైపుకి. రేజరూ ట్రిమ్మరూ అప్పివ్వకండి, నోట్స్ ఇవ్వండి చాలు. జిమ్ నుంచి, గ్రౌండ్ నుంచి వచ్చాక చెమట బట్టలతో పబ్‌జీ ఆడుతూ కూర్చోకుండా ముందు స్నానం. మామూలు సబ్బు చాలు, గట్టిగా రుద్దక్కర్లేదు. తుడుచుకున్నాక మడతలు ఆరాకే బట్టలు. కాటన్ డ్రాయర్లు, రోజూ ఉతికినవి. హాస్టల్ అసలు సమస్య ఉతకడం కాదు, ఆరడం. వానాకాలంలో రూమ్‌లో కట్టిన తాడు మీద డ్రాయర్లు మూడు రోజులైనా చెమ్మగానే ఉంటాయి, ఫ్యాన్ గాలికి ఆరాయనుకుని వేసేసుకుంటాం. ఇంకో నాలుగు జతలు కొనుక్కోండి, ఎండ ఉన్న రోజు డాబా మీద వేయండి, వీలైతే లోపలి వైపు ఇస్త్రీ పెట్టండి. ఇస్త్రీ చేసిన డ్రాయర్ చూసి ఎవడైనా నవ్వితే నవ్వనివ్వండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లడం గురించి అన్నయ్యని అడిగాను, అసలు మీరేమనుకుంటారు మాలాంటి వాళ్లు వస్తే అని. "రోజుకి ముప్పై గజ్జలు చూస్తాంరా ఓపీలో, నీ మొహం కూడా గుర్తుండదు" అన్నాడు. వెళ్లాల్సింది చర్మవ్యాధుల ఓపీకి. లేడీ డాక్టర్ ఉంటే ఇబ్బంది అనిపిస్తే మగ డాక్టర్ కావాలని చీటీ దగ్గరే అడగొచ్చు, తప్పేం లేదు. ఫోన్‌లో ఫోటో చూపిస్తే సరిపోదు, నేరుగా చూడాల్సిందే. మాటలు తడబడతాయనుకుంటే ఇది రాసుకుని వెళ్లండి, ఖాళీలు పూరించుకోండి: "గజ్జల్లో పొక్కులు వచ్చాయండి. ఇన్ని రోజులైంది. నొప్పి ఉంది, లేదా దురద ఉంది, రాత్రిళ్లు ఎక్కువ. రూమ్‌లో ఇంకొకరికి ఉంది, లేదా లేదు. షేవ్ చేశాను. ఈ మందు ఇన్ని రోజులు రాశాను." ఆ చివరి వాక్యం దగ్గర ట్యూబ్ జేబులోంచి తీసి బల్ల మీద పెట్టండి, ఖాళీదైనా సరే.